ఐదో పాఠం

మార్చి నెల.
వెర్మాంట్‌లో మంచుకీ బురదకీ తగువు ఇంకా తెగలేదు.
వంటింటి బల్ల మీద
మూడు ఫ్రెంచి వాచకాలు ఉప్పుడబ్బాకి ఆనించి
సంతలో దూడల్ని బేరమాడేవాళ్లు
నోరు తెరిచి పళ్లు చూసినట్టు
ఒక్కోదాన్నీ తెరిచి చూస్తున్నాను.

మొదటిది ఖరీదు.
పదమూడు డిస్కులు, అట్ట మీద నవ్వే ఒకావిడ.
ప్రతి వాక్యం అయ్యాక
మనం తిరిగి అనడానికి కాసేపు నిశ్శబ్దం.
డబ్బంతా ఆ నిశ్శబ్దానికే అనిపించింది.

రెండోదాన్నిండా క్రియల పట్టికలు
మా కొట్టంలో గుంజల్లా బారులు తీరి.
బల్ల ఆడదట, కత్తి మగాడట.
రాసిన అక్షరాల్లో చాలావాటిని పలకకూడదట,
మా ఆయన వైపు చుట్టాల్లాగే:
వస్తారు, కూర్చుంటారు, నోరు విప్పరు.

మూడోది చర్చి నేలమాళిగలో
పాత పుస్తకాల గుట్టలో రెండు డాలర్లకి దొరికింది.
ఎవరో పిల్ల పెన్సిల్‌తో నాలుగు పాఠాలు నింపింది.
ఐదో పాఠం మొదటి ఖాళీలో
మూడే మూడు అక్షరాలు.
ఆ తర్వాత చివరిదాకా తెల్లకాగితాలే,
అడుగు పడని మంచులా.

నాకు ఫ్రెంచి రాదు.
బళ్లో రెండేళ్లు చదివితే
మిగిలింది 'కిటికీ' అన్న ఒక్క మాట.
పిల్లని బడి మాన్పించి నేనే చెప్పుకుంటానని
పంతం పట్టిన రోజున
ఆ కిటికీ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆర్డిస్‌కి పద్నాలుగు నిండాయి.
పాలు పితికిన చేతులు జీన్స్‌కి తుడుచుకుంటూ వచ్చి
"ఆవు ఈనడాన్ని ఏమంటారో దేంట్లో ఉందమ్మా?" అంది.
వెతికాం. దేంట్లోనూ లేదు.
వీటితో కాఫీ అడగొచ్చు,
మ్యూజియానికి దారి కనుక్కోవచ్చు,
రైల్లో గొడుగు పోగొట్టుకోవచ్చు.
రాత్రి పదకొండింటికి మేపుల్ పాకం పొయ్యి దగ్గర
'ఇంకో కట్టె వెయ్' అనడానికి మాత్రం
ముగ్గురికీ నోరు లేదు.

ఆ పొయ్యి సరిహద్దు అవతల టెలెస్ఫోర్ తాతది.
శనివారాలు పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని వెళ్తుంది,
పొగ వాసనతో తిరిగొస్తుంది.
నలభై బకెట్ల రసం మరిగితే ఒక్క బకెట్ పాకం.
తాత లెక్కలో తొంభై అంటే
నాలుగు ఇరవైలూ ఒక పదీనట.
"పదో బకెట్ దాకా నాకొచ్చు,
రాయమంటేనే రాదు" అంది.
నేనిక్కడ ఎక్కడ మొదలెట్టాలా అని
మూడు వారాలుగా తలపట్టుకుని కూర్చున్నాను.

రెండు డాలర్ల పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.
"అన్నీ తప్పులేనే అందులో, చెరిపేసి ఇస్తానుండు."
"వద్దు. ఎక్కడ తడబడిందో తెలుస్తోంది కదా.
మిగతా రెండిట్లో ఎవరూ లేరమ్మా."

పేజీలు తిప్పింది.
"ఐదులో ఆగిపోయిందే పాపం. ఏమైందో?
జబ్బు చేసిందో, ఊరు మారారో,
మా అమ్మలాంటి అమ్మ దొరికిందో."
దాని నవ్వు అంతే, సగం కొరుకుడు.

ఖాళీలో ఆగిన ఆ మూడక్షరాలు
నేను సంతలోనే చూశాను.
అంతకు మించి ఆ పుస్తకం కొనడానికి
నా దగ్గర కారణం లేదు.
పెన్సిల్ తీసుకుని మిగతాది పూరించాను.
పైకి చదివాను,
ఇరవై ఆరేళ్ల తర్వాత, గొంతు సవరించుకుని:
కిటికీ.

"తాత అలా అనడే" అంది ఆర్డిస్,
"మధ్యలో ఇంకా సాగదీస్తాడు."

అని చూపించింది.
నేను మళ్లీ అన్నాను.
కాదంది.
మళ్లీ అన్నాను.