మగది: తెలియదు

మూడువేల నాలుగువందల మీటర్లు అని రాసుకున్నాను.
అలై కొండల గాలి ఆ అంకెను లెక్కచేయలేదు,
నా టోపీ ఎగిరి గొర్రెల మధ్య పడింది.

పాతిపెట్టిన ప్లాస్టిక్ గ్లాసులు ఇరవైనాలుగు.
తొమ్మిదింటిని గొర్రెలు తొక్కేశాయి.
ఒకదాంట్లో ఉప్పునీళ్ళు తాగిన కుక్క
రెండు రోజులు నన్ను అనుమానంగా చూసింది.
మిగతావాటిలో చీమలు, పేడపురుగులు, వాన.

అది దొరికింది గ్లాసులో కాదు.
టీకి పొయ్యి పేరుస్తూ
బురుల్చా అవ్వ ఒక రాయి ఎత్తింది.
అడుగున అంటుకుని తెల్లటి పట్టుసంచి,
పక్కనే నల్లగా, పెసరగింజంత,
పారిపోవాలా గుడ్లకు కాపలా ఉండాలా
ఒక్క క్షణం తేల్చుకోలేని ప్రాణం.
ఆ క్షణం నాకు చాలింది.

"ఇదా? ఎప్పుడూ ఉండేదే" అంది అవ్వ.
"దీన్నేమంటారు?"
"పేరెందుకు బిడ్డా, పిలిస్తే వస్తుందా?"

బిష్కెక్‌లో చలికాలం.
గోరంతను కొండంత చేయడం తప్పంటారు,
నాకు దానికే జీతమిస్తారు.
మైక్రోస్కోపు కింద, స్పిరిట్‌లో,
వల పన్నని సాలీడు,
రాత్రిళ్ళు నడిచి వెతుక్కుని తినేది.
మధ్యకళ్ళు రెండూ ఏటవాలుగా, వెండిపొట్టులా.
వెనక పట్టునాళాలు ఎడంగా, పొగగొట్టాల్లా.
ఒంటిమీద నూగు తడిసిన ఉన్ని రంగు.
పొట్టకింది పలకలో, వెంట్రుక మందాన,
లోపలికి తిరిగిన ఒక వంక.
దాన్ని గీయడానికి పదకొండు రోజులు పట్టింది.
తప్పు గీసిన కాగితాల మీద టీ కప్పు పెట్టుకున్నాను.

"పక్క లోయదానికీ దీనికీ తేడా ఏది?" అన్నాడు తాబిల్దీ సార్.
"ఈ వంక."
"అది నీ కంట్లో వంకేమో" అని,
తనే గంటసేపు వంగి చూసి
లేచి నడుం పట్టుకుని, "సరే, మగది?"

మూడు వేసవులు వెతికాను.
ఎత్తిన ప్రతి రాయి కిందా చలే ఉంది.
అవ్వతో చెబితే నవ్వింది:
"పనివేళ మగాళ్ళు ఎక్కడ కనబడతారు!"
వ్యాసంలో మాత్రం రెండే మాటలు రాశాను.
మగది: తెలియదు.

నీ పేరు పెడతానంటే అవ్వ ఒప్పుకోలేదు.
పురుగుకా, అంది.
అందుకని ఆమె భాషలో పొయ్యిని పిలిచే మాట,
కొలొమ్తో, దాన్ని లాటిన్ తోకతో కట్టి పెట్టాను.
సీసా మీద చీటీలో ఎత్తు, తేదీ, సేకరించినవారు.
చంపినవారికి గడి లేదు.
గుడ్లసంచి కూడా అదే సీసాలో ఉంది.
కొత్తజాతి, అన్నారు అందరూ.
ఆ రాళ్ళ కింద అది
మా గుడారాల కంటే పాతది.

ఎత్తిన రాయిని ఎత్తినట్టే తిరిగి పెట్టాలి,
ఇది మేం నేర్చుకునే మొదటి పాఠం.
ఆ రాయి మాత్రం ఆ రోజు పొయ్యిలో చేరింది.
నాలుగో వేసవి వెళ్ళేసరికి
ఒకవైపు కాలి, బొగ్గులా ఉంది.
చల్లారేదాకా ఆగి, మోసుకెళ్ళి
దొరికిన చోటే, మట్టివైపు మట్టికి ఆనించాను.
పల్లం పూడిపోయిందేమో, సరిగ్గా కూర్చోలేదు.

అవ్వ ఏమీ అనలేదు.
పొయ్యికి ఇంకో రాయి కోసం వంగింది.

"మెల్లగా" అన్నాను.