ఎంత తాగింది

ముందు గంజి.
మొక్కజొన్న పిండి, కాస్టిక్ సోడా, బోరాక్సు,
మామూలు అట్టకైతే ఇంతే.
చేపల పెట్టెకైతే మీదికెల్లి రెసిన్ పోస్తం,
ఘాటుకు కండ్లు మండుతయి.
ఆ మంటల కూడా గంజి వాసన మాత్రం
మా సిరిసిల్ల గంజి వాసననే.

పదహారేండ్లు పడుగుకు గంజి పట్టినోన్ని.
సాంచాలు మూగవోయినంక
షార్జా సజాల ఈ అట్టల కంపెనీకొచ్చి
ఇంటర్వ్యూల ఒక్కటే చెప్పిన:
గంజి ఎప్పుడు పలచనైందో నా చూపుడువేలు చెప్తది.
కురియాకోస్ సారు నవ్విండు,
వేలు కాదు, విస్కోసిటీ కప్పు చెప్పాలె అన్నడు.
పనిల మాత్రం పెట్టుకున్నడు.

కాగితం రీలు నాకంటె ఎత్తు.
ఆవిరి తగలంగనే మెత్తబడి
పండ్ల రోలర్ల నడుమ దూరి
అలలు అలలుగ బయటికొస్తది.
కింద ఒక పొర, మీద ఒక పొర, నడుమ ఆ అల.
అట్టను ఎండకు అడ్డం పట్టి చూస్తే
వరుసగ సన్న సన్న సొరంగాలు.
సముద్రం ఇక్కడికి నలభై నిమిషాలేనట.
ఏడేండ్ల సంది నేను చూసిన అలలు ఇవే.

ఇప్పుడు నా పని ల్యాబుల.
అట్టముక్క మీద ఇనుప కడెం బిగించి
వంద మిల్లీలీటర్ల నీళ్లు పోసి
రెండు నిమిషాలు గడియారం చూస్త.
నీళ్లు వంపి, అద్దుడు కాగితంతోని ఒత్తి,
తూకం వేస్త: ఎంత తాగింది?
జీతం దినం దుబ్బరాజం
తలుపు ఇటా అటా అని వెతుక్కుంట వస్తే
రూమంత నా దిక్కు తిరిగి అడుగుతది,
ఎంత తాగిండో గ్రాముల్ల చెప్పన్నా.

ఏప్రిల్ల వాన పడ్డది.
ఈ నేలకు తాగుడు అలవాటు లేదు.
మోరీలు లేని గల్లీల నిండి నిండి
తలుపు కిందికెల్లి పద్నాలుగో నంబరు రూములకొచ్చి
చెప్పులను ఒక్కొక్కటే లేపింది.

తుక్కు షెడ్డుల, వంపు ఎక్కువైందని పక్కకు పడేసిన
ఇరవై రెండు అట్టలు
నేను, డంబర్ బహదూర్, దుబ్బరాజం
నెత్తి మీద బోర్లించుకొని మోసుకొచ్చినం.
గేటుకాడ మొఫిజుల్ మబ్బును చూసుకుంట నిలవడ్డడు,
డ్యూటీ అటు దిక్కే పడ్డట్టు.
మంచాల కింద దొంతర్లు పేర్చినం.
కార్డులు, బియ్యం, దుబ్బరాజం బిడ్డకు కొన్న మాట్లాడే బొమ్మ
ఒక చేపల పెట్టెల పెట్టి మూతేసినం.
మీది బంకుల మీద ఆరుగురం, కాళ్లు ముడుచుకొని.
నడిరాత్రి పెట్టెలకెల్లి బొమ్మ
ఎవ్వలు ఒత్తకుంటనే
హలో, నీ పేరేంటి, అన్నది.
ఎవ్వలం చెప్పలే.

తెల్లారి నీళ్లు తీసినంక
అట్ట తిప్పి చూసిన. అలవాటు.
ముఖం పొడి. చెయ్యి పెడితే మైనం జారుడు.
కోసిన కాడ, ఆ సొరంగాల నోళ్లకాడ మాత్రం
జానెడు లోపలికి ఉబ్బి, పొరలు ఇడిసిపోయి,
అంటిన గంజి మళ్ల గంజైంది.
నీళ్లు మీదికెల్లి రాలే.
మేం కోసిన కాడికెల్లి వచ్చినయి.

సోమవారం తుక్కు లెక్కల ఇరవై రెండు తక్కువ.
రిజిస్టరుల రాసిన:
నీటి పరీక్షకు వాడినం.
సమయం, పదకొండు గంటలు.
ముఖాలు పాసు. అంచులు ఫెయిలు.

కురియాకోస్ సారు శానాసేపు చదివిండు.
ఆయన ప్యాంటుకు పిక్కలకాడ
బురద గీత ఇంకా ఉన్నది.
అంచులకు గూడ మైనమంటే
పైనోళ్లు ఖర్చుకు ఒప్పుకోరు, అన్నడు.
సంతకం పెట్టిండు.
పెన్ను మూత పెట్టుకుంట అడిగిండు,
బియ్యం తడవలేదు కదా?