నలభై ఎనిమిదో క

కందుకూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుటి వరండాలో
మాలకొండయ్య కంప్యూటరు మళ్ళీ పడిపోయింది.
"ఏందమ్మా నాజ్మా, చెప్పాపెట్టకుండా ఇట్టా చస్తే
మంచి ఘడియ చూసుకొని వచ్చినోళ్ళకి ఏం చెప్పేది?"

నేరం సగం నాదే.
ఎవడో పెన్‌డ్రైవులో పత్రాలు ఎత్తుకుపోయాడని
పోయిన నెల నేనే తాళం వేశాను ఆ ఫోల్డరుకి.
లోపల రాసిందంతా రాసిన క్షణమే గుప్తమవుతుంది,
ఫైలు పేరుతో సహా.
"మన మాలకొండ సామి గుడి లాగా
శనివారం ఒక్కరోజు తెరుచుకున్నా చాలు" అని అప్పుడు నవ్వాడు.
ఇప్పుడు నవ్వడం లేదు.

నల్లటి తెర మీద తెల్లటి వరసలు.
లాగ్ ఫైలులో వెతికితే ఏమీ లేదు.
పడిపోయేవాడు
తాను పడిన సంగతి ఎప్పుడు రాసుకుంటాడు?
ఫోనుతో ఫోటో తీసుకున్నాను.
పై వరస, కూలిన చోటు.
దాని కింద దాన్ని పిలిచింది, ఆ కింద దాన్ని పిలిచింది...
కళ్ళజోడు సర్దుకొని మాలకొండయ్య అన్నాడు:
"ఓసి, ఇవి లింకు డాక్యుమెంట్లు కదా!
ఎవడు ఎవడి కాడ కొన్నాడో వెనక్కి పోతా ఉండాల."
పదేళ్ళలో నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు.

కరెంటు అనుకున్నాను. కాదు.
మెమరీని రాత్రంతా పరీక్షకు పెట్టి
దోమల మధ్య కూర్చున్నాను. శుభ్రంగా ఉంది.
తాళం లేని ఫోల్డరులో అదే ఫైలు
హాయిగా కూర్చుంది.
పాత కెర్నెల్‌తో లేపితే
"పేరు మరీ పొడుగు" అని మర్యాదగా చెప్పి ఊరుకుంది.
కొత్తది చెప్పదు. పడుతుంది.

పేరా?
ఈయన ఫైళ్ళకి అంకెలు పెట్టడు.
మార్చి చెబుతున్నా, అసలుది మీకూ చెప్పను:
వలేటివారిపాలెం రావినూతల సుబ్బాయమ్మ
స్వార్జిత మాగాణి పంపక పత్రం రెండో ప్రతి.
"పేరు కత్తిరిస్తే పత్రం ఎట్టా చెల్లుద్దమ్మా?"

ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గడి చాలు.
మన క మూడు గళ్ళు తింటుంది.
గుడికి మూడు, కొమ్ముకి మూడు, ఒత్తుకి లెక్క వేరే.
స్త్రీ అని ఒక్కసారి రాస్తే పద్దెనిమిది.
తాళం వేసిన ఇంట్లో పేరుకి ఉన్నది నూట నలభై మూడు.

సుబ్బాయమ్మను పరాయి దేశం పంపలేను.
పంపక్కర్లేదు కూడా.
ఖాళీ ఫైలు. పేరు: క.
కక. కకక.
నలభై ఏడు కకారాల దాకా బండి నడిచింది.
నలభై ఎనిమిదోది కొట్టాను.
నల్లటి తెర.
మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అక్కడే.
అంత సంతోషం దేనికో నాకే తెలియదు,
వరండాలో గట్టిగా అరిచాను.
స్టాంపులమ్మే ఆదెమ్మ టీ గ్లాసు జారవిడిచింది.

రాత్రి కూర్చొని నివేదిక రాశాను.
ఏ కెర్నెల్, ఏది మార్చాక మొదలైంది,
ఏం చేస్తే పడుతుంది, ఏం చేస్తే పడదు.
"దయచేసి అర్జెంటు" అని రాసి కొట్టేశాను.
నా అనుమానాన్ని అనుమానమనే రాశాను.
తాళంచెవి మాట ఎక్కడా లేదు.
ఫోటో పంపబోతూ పెద్దది చేసి చూస్తే
ఆ తెల్లటి వరసల వెనక, అద్దంలో లాగా,
మాలకొండయ్య ముఖం, భుజాన పత్రాల సంచి,
సంచి మీద ఎవరిదో సర్వే నంబరు.
వరసలన్నీ చేత్తో మళ్ళీ టైపు చేశాను.
రెండు గంటలు పట్టింది.

తొమ్మిది రోజులైంది.
ఎవరో ఒకరు జవాబిచ్చారు: నా దగ్గరా పడింది, చూస్తున్నాను.
ఇంకో ప్రశ్న అడిగారు,
ఆ గుండ్రటి అక్షరాన్ని ఎలా పలకాలి అని.

ఈలోగా పాత కెర్నెల్‌తో నడుపుతున్నాం.
మాలకొండయ్య ఫైలుకి అంకె వేస్తాడు, అయిష్టంగా,
పూర్తి పేరు మాత్రం ఎర్ర అట్ట పుస్తకంలో
ఇంటిపేరుతో, ఊరితో, ఒక్క ఒత్తు కూడా వదలకుండా.
ఆ పుస్తకానికి తాళం లేదు.
చెప్పాలి ఆయనకి.