తోలు మందం

"తోలు మందం నీకు" అనేది మా అత్త,
ఎన్ని మాటలన్నా నేను ఉలకనని.
నలభై మూడేళ్ళకు, అలిపిరి రోడ్డు ఆసుపత్రిలో
డాక్టర్ హిమజ రెండు వేళ్ళతో చిటికెడు పట్టి
స్కేలు ఆనించి కొలిచి
"మీ చర్మం చాలా పలచనమ్మా" అంది.
నవ్వొచ్చింది.
అత్త బతికుంటే ఆ స్కేలు ఎత్తుకుపోయి చూపించేదాన్ని.

రొమ్ము తీసేసి మూడేళ్ళు.
ఆ చోట పెట్టిన సిలికాన్ సంచి
కాస్త ముందుకు వంగితే చాలు, అంచు తేలుతుంది.
గంగాళంలో నీళ్ళ మీద ఎవరో ఊదినట్టు
ముడతలు, ముడతలు.
రైక తొడిగితే ఎవరికీ తెలీదు.
స్నానాలగది అద్దం మీద మాత్రం
మూడేళ్ళుగా తువ్వాలు ఆరేస్తున్నా.

ఆమె కాగితం మీద బొమ్మ గీసింది.
సంచిని కండ కిందికి తొయ్యొచ్చంట,
అంచు దాగుతుందంట,
కానీ చెయ్యెత్తినప్పుడల్లా అదీ ఎగురుతుందంట.
కొండ మీద కల్యాణకట్టలో
షిఫ్టుకు ఎన్ని తలలో, ఎన్నిసార్లు చెయ్యెత్తుతానో
లెక్క చెప్పినాను.
గోవిందా అని తల వంచినోళ్ళ ముందు
అది తైతక్కలాడితే ఎట్లా అన్నాను.
ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వినాం.

వీపు కండ తిప్పి తెచ్చి కప్పొచ్చు.
"ఏ పక్కది?"
"ఇదే పక్కది. కుడి."
"కుడిచెయ్యి నా కూడు తల్లీ."
బొమ్మ మీద అడ్డగీత కొట్టేసింది.

లోపల జాలీ పొర ఒకటి వెయ్యొచ్చు,
పలచని రైకగుడ్డకు మా టైలర్ షంషాద్ లైనింగ్ వేసినట్టు.
ధర చెప్పింది.
నేను కిటికీలోంచి కొండ చూస్తా కూచున్నా.

ఇంకా చిన్న సంచి, గట్టి జెల్‌ది మార్చొచ్చు.
లేదా తొడలోంచో పొట్టలోంచో కొవ్వు తీసి
సూదితో చర్మం కింద చుక్కలు చుక్కలుగా నాటొచ్చు.
"నాటిందంతా బతకదు. సగం కరిగిపోవచ్చు.
ఆర్నెల్లాగి మళ్ళీ నాటాలి.
కరెంటు పెట్టిన చర్మం కదా, తొందర పనికిరాదు."
ముగ్గుర్ని మోసిన పొట్ట నాది,
నారుకు కరువులేదన్నా.

"అన్నీ తీసేసి ఊరికే ఉండొచ్చు.
అదీ ఒక దారే" అంది,
గొంతు తగ్గించకుండా.
ఆ మాటకు ఆమె మీద గురి కుదిరింది.

ఘాట్ బస్సులో మొగిలమ్మ అడిగింది:
"ఈ వయసులో ఎవరు చూస్తారక్కా?"
ఏడో మలుపు తిరిగేదాకా పలకలేదు.
"నేను చూడనా?" అన్నాను.
అప్పటికే దానికి నిద్ర పట్టింది.

మర్నాడు తెల్లారుజామున
పది నెలల బిడ్డ, తమిళం పిల్ల, నా ముందు.
తల్లి భయంతో కళ్ళు మూసుకుంది.
నడినెత్తిన ఇంకా మెత్తన.
పలచని చర్మం కింద ప్రాణం
టుపుక్, టుపుక్ మంటోంది.
గోరువెచ్చని నీళ్ళు అద్ది
బ్లేడును దాదాపు పడుకోబెట్టినాను.
ఇట్లాంటి చోట బలం పెట్టకూడదు,
అంతా వాలులోనే ఉంటుంది.
ఇరవై రెండేళ్ళు, ఒక్క బిడ్డకూ రక్తం చూపించలేదు.

మళ్ళీ పోయినప్పుడు అడిగినాను:
"సూది ఏ వాలున పెడతారు?"
ఎవరూ అడగలేదనుకుంటా.
తన ముంజేతి మీదే పెన్ను ఆనించి చూపించింది.
ఆమె మణికట్టు పట్టుకుని
ఇంకొంచెం కిందికి వంచినాను.
"ఇట్లా?" అంది.
"ఇట్లా."

బ్రహ్మోత్సవాల రద్దీ పోయినాక రమ్మని చీటీ రాసింది.
మడిచి, అలవాటుగా రైకలో కుడిపక్క దోపుకోబోయి,
ఆ పక్క స్పర్శ లేదు కదా,
జారిపోయినా తెలీదని
ఎడమకు మార్చుకున్నా.