నేను కట్టిన గోడ కూలిన చోట

పీర్లకుంట పడమటి ఒడ్డున
నూటనలభై అడుగుల గోడ కట్టింది నేనే.
నాలుగు పాళ్ళు ఇసుక, ఒక పాలు సిమెంటు,
నా పాలు చెమట.
శిలాఫలకం మీద మాత్రం
కాంట్రాక్టరు బావమరిది పేరుంది.

మొదటి వానాకాలం నిలబడింది.
రెండోదానికి ఒక పగులు,
నిద్రలో పిల్ల నవ్వినంత సన్నగా.
మూడో ఏడు, నిమజ్జనం అయిన నాలుగో రాత్రి
గాలి పెద్దది లేచింది.
తెల్లారి చూస్తే గోడ
బోర్లా పడుకుని నీళ్ళు తాగుతోంది.

నా తప్పేంటో అర్థం కాలేదు.
కలిపిన మాలు మంచిదే, తాపీ మీద ఒట్టు.
సాయవ్వ చెప్పింది.
వలలు అల్లే మనిషి,
పళ్ళ మధ్య దారం బిగబట్టే మాట్లాడుతుంది:
"అల వస్తే పో అన్నవు కొడకా.
అది యాడికి పోతది? కిందికి పోయింది.
నీ గోడ కాళ్ళకింది మన్ను తిన్నది."

పో అనకపోతే ఏమనాలి మరి?

"కూసోమనాలె."

అలను కూర్చోబెట్టడం
నలభై ఏళ్ళొచ్చాక నేర్చుకున్నాను.
నిలువుగా తెగిన ఒడ్డును
చాపలా వాలుగా చెక్కాం.
జీవితమంతా నిటారు చూసిన నా గుండుదారం
ఆ నెలంతా సంచిలోనే పడుకుంది.
కొబ్బరిపీచు దిండ్లు నీటి అంచున పరిచి
వెదురు మేకులు దిగగొట్టాం.
మోకాటి లోతులో జమ్ము,
చీలమండ లోతులో తుంగ,
పైన, మన్ను పొడిగా ఉన్నచోట, వట్టివేరు.

వట్టివేరు మొదళ్ళు తెచ్చింది యాకూబ్ భాయి.
ఒకప్పుడు చాదర్‌ఘాట్ గల్లీలో
కూలర్లకు ఖస్ తడికెలు కట్టేవాడు.
ఇంటింటికీ ఏసీలొచ్చాక
వాసన కొనేవాళ్ళు లేకపోయారు.
బురదలో గొంతుక్కూచుని
ఒక్కో పిలకనీ బొటనవేలితో అదుముతూ అన్నాడు:
"ఈ వేర్లు పెరికి ముప్పై ఏండ్లు తిన్న.
ఇప్పుడు పాతుతున్న. హిసాబ్ బరాబర్."

బరాబర్ ఏమీ కాలేదు వెంటనే.
గేదెలొచ్చి సగం మేశాయి.
గుర్రపుడెక్క తెప్పలా కొట్టుకొచ్చి
జమ్ము మీద పక్కేసుకుంది; లాగి లాగి
భుజాలు పడిపోయాయి.
సైటు చూడ్డానికొచ్చిన సారు
బూట్లు తడవకుండా నిలబడి అడిగాడు:
"పనేదయ్యా? గడ్డే కనబడుతోంది."
కొలతల పుస్తకంలో పొడవుంది, వెడల్పుంది, మందముంది.
మొలిచింది అని రాయడానికి
గడి లేదు.

భాద్రపదంలో మళ్ళీ ఆ గాలి.
నిద్ర పట్టక గొడుగేసుకుని పోయాను.
సాయవ్వ అప్పటికే ఉంది, టార్చిలైటుతో,
ఏమీ ఎరగనట్టు.
అవతలి అపార్టుమెంట్ల దీపాలన్నీ
నీళ్ళలో ముక్కలై ఊగుతున్నాయి.
అల వచ్చింది,
బాకీ వసూలుకొచ్చినవాడి నడకతో.
జమ్ములో దూరింది.
చిక్కుజుట్టులో దువ్వెనలా ఆగి ఆగి,
తుంగ దాకా వచ్చేసరికి
దాని గొంతు తగ్గింది.
వట్టివేరు దగ్గర, నిజం,
కూర్చుంది.
మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దించి
ఉత్త చేతులతో వెనక్కి పోయింది.

గోడ అడిగితే ఒక్క రవ్వ ఇచ్చిందా ఎప్పుడైనా?

కూలిన నా రాళ్ళు తీసేద్దామంటే
సాయవ్వ ఒప్పుకోలేదు.
వాటికింద కొర్రమీను కాపురం పెట్టిందట.
జమ్ము నడుమ బుడుబుంగ ఒకటి
చెత్తంతా పోగేసి తేలే గూడు కట్టింది,
తూకం లేదు, మట్టం లేదు,
నీళ్ళు పెరిగితే గూడూ పెరుగుతుంది.
నేను దాని పని చూస్తూ
బీడీ ఆరిపోయేదాకా నిలబడ్డాను.

సోమవారం నుంచి కొంపల్లిలో
ఎవరిదో ప్రహరీగోడ పని.
పోతాను. గోడలు కట్టకపోతే పూటెట్లా గడుస్తుంది?
గడ్డి డబ్బులు ఇంకా రాలేదు.
అన్నం కలిపే చేతులు మాత్రం
ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళు చల్లిన
తడికె వాసనేస్తున్నాయి.