కుడికి తిరిగే వాల్వు

త్రిలోచన్ మా ఆఫీసుకొచ్చి పదకొండు నెలలు.
వచ్చిన వారంలోనే నా కుర్చీ ఎత్తు మార్చాడు.
"మీ నడుముకు మంచిది మేడమ్."
నేను అడగలేదు.
నా నడుమూ అడగలేదు.

సైదాబాద్ నీళ్ల ఆఫీసులో
కిటికీ పక్క బల్ల నాది, పంతొమ్మిదేళ్లుగా.
ఏ గల్లీకి ఎన్నింటికి నీళ్లు, ఎంతసేపు,
ఏ వాల్వుకు ఎన్ని చుట్లు,
అంతా ఒక పొడుగు నోటుబుక్కులో ఉంటుంది.
అట్ట మీద గ్రీజు మరకలు, చాయ్ గ్లాసు వదిలిన ఉంగరాలు.
లోపల అక్కడక్కడా ఎర్ర పెన్సిల్ బాణాలు.
పోయినేడు పోయిన లైన్‌మన్ గాలయ్య గీసినవి.

ఫోను నా బల్ల మీద మోగితే
ఎత్తేది త్రిలోచన్.
నేను సగం చెప్పిన మాటను పూర్తిచేసి
కింద తన సంతకం పెట్టుకుంటాడు.
నా ఉత్తరంలో ఒక కామా జరిపి
"ఇద్దరం కలిసి రాశాం సార్" అంటాడు.
జీఎం గారు మెట్లెక్కుతుంటే
ఆ సంగతి ముందు త్రిలోచన్ బూట్లకు తెలుస్తుంది.
పాప పుట్టినరోజుకి సెలవు పెట్టాను.
"మీ పని నేను చూసుకుంటా, హాయిగా వెళ్లిరండి" అన్నాడు.
చూసుకున్నాడు.
తిరిగొచ్చేసరికి
నా బల్ల నన్ను కొత్తమనిషిలా చూసింది.

ఒక సోమవారం మీటింగు హాల్లో తెల్లగోడ మీద
నా నోటుబుక్కు వెలిగింది.
రంగురంగుల గడులు. కింద అతని పేరు.
పెద్దసార్లు తలలూపారు.
బాణాలు లేవు.
"ఆ పిచ్చిగీతలా మేడమ్? క్లీన్ చేసేశా."

నేను నవ్వాను.
ఆ నవ్వు గురించే ఇదంతా రాస్తున్నాను.

ఊళ్లో వాల్వులన్నీ ఎడమకు తిప్పితే తెరుచుకుంటాయి.
ఇటుకబట్టీ బస్తీ మలుపులో ఒక్కటి మాత్రం,
ఏ కాలందో, ఎవరు పెట్టిందో,
కుడికి తిప్పితేనే నీళ్లిస్తుంది.
బాణం అదే చెప్పేది.
కొత్త పిలగాడు బాలకిషన్ చేతిలో ఇప్పుడు ప్రింటు కాగితముంది.
ఎడమకు పద్నాలుగు చుట్లు తిప్పి
ఒళ్లంతా చెమటతో, శ్రద్ధగా, బస్తీ గొంతు బిగించి వచ్చాడు.

మంగళవారం ఫోన్లు. త్రిలోచనే ఎత్తాడు.
ఎత్తనీ.
బుధవారం ఇంకా ఎక్కువ ఫోన్లు.
నేను టిఫిన్ డబ్బా విప్పి మెల్లగా తిన్నాను.
ఆ రోజు పులిహోర అంత రుచిగా ఎందుకుందో
నాకు తెలుసు.

గురువారం పొద్దున కిటికీ దగ్గరికి
ఖాళీ పసుప్పచ్చ డబ్బాతో ఒకామె వచ్చింది.
తిట్టలేదు.
"మీరున్నరు గద మేడమ్,
ఇయ్యాల గాకుంటే రేపన్న ఇడుస్తరని ఊకున్నం."

ముద్ద గొంతులోనే ఆగింది.

శుక్రవారం తెల్లారుజామున నాలుగింటికి
త్రిలోచన్‌కి ఫోన్ చేసి బండి తెమ్మన్నాను.
మూత లేపితే బొద్దింకలు, బురద, పాత ఇనుము వాసన.
ఇస్త్రీ చొక్కా చేతులకు ఇనుప తాళపుకొన ఇచ్చి
"తిప్పు" అన్నాను.
ఎడమకు తిప్పబోయాడు.
"కుడికి."
"కుడికా?"
పదకొండు నెలల్లో అతని నోట
నేను విన్న మొదటి ప్రశ్న అది.

పద్నాలుగు చుట్లు.
నేల కింద ఎవరో దగ్గి గొంతు సవరించుకున్నట్టు,
తర్వాత పరుగు.
వీధి చివర ఒక బిందె మోగింది.
ఒక నిమిషంపాటు త్రిలోచన్ ఏమీ మాట్లాడలేదు.
అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు.
"నాకు ముందే చెప్పొచ్చు కదా మేడమ్" అన్నాడు, మెల్లగా.

చెప్పొచ్చు.
సోమవారమే చెప్పొచ్చు.
ఆ మూడు రోజులు నేను తిప్పకుండా ఉంచిన వాల్వును
ఏ పేజీలో రాయాలో తెలియక
నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాను.

పై సోమవారం మళ్లీ తెల్లగోడ.
పాత వాల్వుల సర్వే: త్రిలోచన్ అండ్ టీమ్.
బాణాలు తిరిగొచ్చాయి, ఈసారి ఆకుపచ్చవి, అందంగా.
అండ్ టీమ్ అంటే నేను.
చెయ్యెత్తి లేచాను.
"ఆ గీతలు గాలయ్యవి సార్" అన్నాను.
ఎవరు గాలయ్య అని అడిగారు.
చెప్పడానికి చాలాసేపు పట్టింది.

బల్ల దగ్గరికొస్తే
కుర్చీ మళ్లీ పైకి లేచి ఉంది.
దించుకుని కూర్చున్నాను.
ఫోను మోగింది.
ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.