బిందె పెట్టిన చోటు

రాత్రి పదకొండున్నర. పెరుంగుడిలో నాలుగో అంతస్తు.
ఏసీ కట్టేశారు, పొదుపట.
పొద్దున ఆరింటికి నీళ్ల లారీల బుకింగ్ సైటు
ఊరి మీదికి తెరుచుకోవాలి.
ఈలోగా నేనొక్కదాన్నే పదివేలమందినై
దాని తలుపు తట్టాలి.

పుట్టించాను, పేర్లు లేనివాళ్లని, దాహం లేనివాళ్లని.
అందరి నోటా ఒకటే మాట:
ఒక లారీ, వేళచ్చేరి, ఆరువేల లీటర్లు.

మొదటి నిమిషం గ్రాఫు పచ్చగా నడిచింది.
రెండో నిమిషానికి ఒళ్లంతా ఎర్రటి పొక్కులు.

కయల్విళి కుర్చీ లాక్కుని పక్కన కూచుంది.
నాకు వచ్చీరాని తమిళంలో చెప్పింది:
ఎరుపంతా ఒకటే ఎరుపు కాదు, చదువు.
రిఫ్యూజ్డ్ అంటే, ఇల్లుంది, ఆ గదిలో ఎవరూ లేరు,
వాచ్‌మన్ వెంటనే పొమ్మన్నాడు. అదీ జవాబే.
టైమవుట్ అంటే, ఎంత తట్టినా
లోపల ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా తెలీదు.
రీసెట్ అంటే, మాట మధ్యలో ఫోను పెట్టేశారు.

నేనెక్కడ చదివాను?
లెక్కపెట్టాను, అంతే.
‘మీ సర్వరు రెండు వేలకే కూలబడింది’
అని దొరైరాజ్‌కి మెయిలు కొట్టాను,
గెలిచినట్టే.

ఇంటి నుంచి అతని జవాబు ఒక్క ముక్క:
‘ఇక్కడికెవరూ రాలేదే.
సర్వరు ఈగలు తోలుకుంటోంది.’

అప్పుడు చదివాను, పొక్కు పొక్కునీ.
రిఫ్యూజ్డ్ కాదు, టైమవుట్ కాదు, రీసెట్ కాదు.
అడిగిన చిరునామా ఇవ్వలేను, అంటోంది
నా మెషీనే, నాతోనే.
దానికున్న పోర్టులు ఇరవై ఎనిమిది వేల పైచిలుకు.
మాట అయిపోయాక కూడా ఒక్కో పోర్టూ
ఇంకేమైనా వినబడుతుందేమోనని
నిమిషంపాటు ఖాళీగా కాచుక్కూచుంది.
నా పదివేలమందీ
నా గుమ్మమే దాటలేదు.

పోయిన వేసవిలో మడిపాక్కంలో, మా సందులో,
మనిషికి బదులు బిందె నిలబడేది వరసలో.
నీలం బిందె జెబమలర్ అక్క, మూత లేనిది నేను.
నీళ్లు పట్టుకున్నాక కూడా
ఇంకో ఖాళీ బిందె అక్కడే వదిలేవాళ్లం, రెండో తడవకని.
ఒకరోజు ముందుకు పోయే దారి లేక
లారీవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.
అతను మాట్లాడకుండా గొట్టం పైకెత్తాడు.
ధార పడుతూనే ఉంది, రోడ్డు మీద.

ఒంటిగంటకి ఇంకో మూడు మెషీన్లు అడిగి తెచ్చుకున్నాను.
తెరిచిన తలుపునే మళ్లీ మళ్లీ వాడుకోమని రాశాను.
దొరైరాజ్‌కి ఇంకో మెయిలు, ఈసారి చిన్నది.
రెండున్నరకి, ఏడువేల దగ్గర,
మొట్టమొదటి అసలు టైమవుట్.
నాకెందుకో సంతోషమేసింది.
కయల్విళి మాత్రం తల పట్టుకుంది.

ఆరూ పదికి కిందికి దిగాను.
టీ కొట్టు దగ్గర లుంగీ కట్టిన పెద్దాయన
ఫోన్లో ‘ఒక లారీ’ నొక్కి, కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు.
చక్రం తిరుగుతోంది.
టీ చల్లారిపోతున్నా కదల్లేదు నేను,
ఏ రంగు వస్తుందోనని.